చాలు అనేదాకా

ప్రియమైన వదినకి,

ఇది నీ ఆడపడుచు కోపంగా రాస్తున్న ఉత్తరం. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు "సర్లే" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదివి తీరాలి కదా!

అన్నయ్య ఉద్యోగం ఊరు మారిందని మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయావు. బాగుంది. మనిద్దరం పెట్టుకున్న భోజనం డబ్బాల కొట్టు నా నెత్తిన పడింది. అదీ బాగానే ఉంది. అన్నం వండగలను, చికెన్ వేయించగలను. కానీ దాని మీద పోసే ఆ జపాను వాళ్ళ టెరియాకి సాస్ ఉంది చూడు, అది నా ప్రాణం తోడేస్తోంది. సోయా సాస్, నీళ్ళు, పంచదార, అల్లం, వెల్లుల్లి, చివర్లో కాస్త వెనిగర్, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్. ఇంతే కదా? చిన్నపిల్లలు కూడా చేసేస్తారని నువ్వే అనేదానివి. నిన్న చేస్తే ఉండలు కట్టింది. మామూలు ఉండలు కాదు, గోళీలాడుకోవచ్చు.

ప్రింటింగ్ ప్రెస్ మేనేజరు డబ్బాలు సగం తిన్నవి సగం తిన్నట్టే వెనక్కి పంపాడు. "మీ వదినగారున్నప్పటి సాస్ ఇది కాదమ్మా. నెలాఖరు దాకా చూస్తాం. ఆ తర్వాత వేరే చోట చెప్పుకుంటాం" అన్నాడు. ప్రెస్ ఆర్డరు పోతే కొట్టు మూసేయాల్సిందే. నీకు తెలుసు.

నువ్వున్నప్పుడు పొయ్యి దగ్గర నిలబడి, చెంచా నా నోట్లో కుక్కి "ఎలా ఉంది?" అనేదానివి. నేను తరుగుతున్న ఉల్లిపాయలు వదిలేసి "ఇంకా తీపి పడాలి" అనో, "ఇక చాలు" అనో చెప్పేదాన్ని. మహారాణిగారు తను రుచి చూడరుగా! ఆ రోజుల్లో నీ చేతిలో గరిటె వైపు కాస్త చూసినా నాకిప్పుడీ ఖర్మ ఉండేది కాదు.

అసలు రహస్యం రాయి. వెంటనే రాయి.

ఒళ్ళు మండుతున్న
నీ ఆడపడుచు


ప్రియమైన మిరపకాయకి,

రహస్యం లేదు, మట్టీ లేదు. కార్న్‌ఫ్లోర్ తిన్నగా మరిగే సాస్‌లో గుమ్మరించి ఉంటావు. నీ తొందర నాకు తెలీదా? ముందు చిన్న గిన్నెలో చల్లటి నీళ్ళతో కలుపుకో. తర్వాత సన్నటి మంట మీద తిప్పుతూ, కొంచెం కొంచెంగా పోయాలి. చెంచా ముంచి తీస్తే దాని వీపుకి పూతలా పట్టాలి. వేలితో గీస్తే ఆ గీత అలాగే నిలవాలి. అప్పుడు దించెయ్.

కొలతలంటావా, గరిటెడు సోయా సాస్‌కి గరిటెడు నీళ్ళు. పంచదార మాత్రం నువ్వు చాలు అనేదాకా.

ఇక్కడి వంటింట్లో నేను తిరిగితే గిన్నెలు తిరగలేవు, గిన్నెలు పెడితే నేను తిరగలేను. మీ అన్నయ్యకి ఆఫీసులో పని ఎక్కువట. ఈ మధ్య బయటే తినొస్తున్నారు. "నీకెందుకు శ్రమ" అంటారు. ఎంత మంచి మొగుడో చూడు.

కొట్టు మూసేయడం లాంటి మాటలు అనకు.

నీ నోటికి భయపడే
వదిన


ప్రియమైన వదినకి,

"చాలు అనేదాకా!" అదొక కొలతా? నన్ను ఆటపట్టిస్తున్నావా?

ఉండలు పోయాయి, అది ఒప్పుకుంటాను. కానీ బాగా చిక్కబడాలని పొయ్యి మీదే ఉంచితే, చల్లారాక గిన్నె బోర్లించినా కింద పడలేదు. మళ్ళీ చేస్తే ఉప్పగా వచ్చింది. ఇంకోసారి చేస్తే అల్లం తప్ప ఏమీ తగల్లేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

అది అసలు ఎలా ఉండాలో ఒక్క వాక్యం రాయవేం? ఎంత తీపి? అల్లం ముందు తగలాలా, చివర్లోనా? అవన్నీ వదిలేసి పూతట, గీతట! నేను గోడలకి సున్నం వేస్తున్నానా?

ఈ ఉత్తరంతో పాటు బస్సు కండక్టరు చేతికి ఒక సీసా ఇస్తున్నాను. ఇప్పుడే దించాను. నేను రుచి చూడలేదు. చూసి చూసి నా నాలుక మొద్దుబారిపోయింది. ఈసారి నువ్వే చూడు. మొహమాటం లేకుండా నిజం రాయి. నెలాఖరు దగ్గరికొచ్చేసింది.

నీ మాట కోసం ఎదురుచూస్తూ
ఆడపడుచు


ప్రియమైన మిరపకాయకి,

సీసా భద్రంగా అందింది. చాలా బాగుంది. తీపి సరిగ్గా కుదిరింది. నా చేతివంటలాగే ఉంది, ఇంక బెంగ పెట్టుకోకు. చల్లారితే ఎలాగూ చిక్కబడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉండగానే దించు, అంతే.

ప్రేమతో
వదిన


వదినా,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

కండక్టరుకి సీసా ఇచ్చి వచ్చి, గిన్నెలో మిగిలింది నాలుక మీద వేసుకున్నాను. పరిగెత్తుకెళ్ళి ఊసొచ్చాను. అలమర తుడిచినప్పుడు ఆ రెండు డబ్బాలూ అటుదిటు ఇటుదటు పెట్టేశాను. పంచదార అనుకుని పోసిందంతా ఉప్పు! ఆ రోజు ప్రెస్‌కి ఉత్త వేయించిన చికెనే పంపి, వాళ్ళతో నానా మాటలూ పడ్డాను. నువ్వు తిట్టి పోస్తావని, కాదంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వుతావని చూస్తున్నాను. నువ్వేం రాశావు? తీపి సరిగ్గా కుదిరిందా?

మూత కూడా తీయలేదు కదూ? పోనీ ఏదో ఒకటి రాసి పడేస్తే నోరు మూసుకుంటుందిలే అనుకున్నావు. నేనిక్కడ చేతులు కాల్చుకుంటూ చస్తుంటే నీకు చీమ కుట్టినట్టైనా లేదు. కొట్టు ఉంటే ఎంత, పోతే ఎంత, నీకేం? అంతేనా నేను నీకు?

జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

ఆడపడుచు


ప్రియమైన నా మిరపకాయకి,

మూత తీశాను. చెంచాడు అన్నంలో కలుపుకుని తిన్నాను కూడా. నాకేమీ తెలియలేదు.

పోయిన వానాకాలం నాకు జ్వరమొచ్చింది, గుర్తుందా? అది తగ్గింది కానీ, పోతూ పోతూ నా ముక్కులోని వాసనా, నోట్లోని రుచీ పట్టుకుపోయింది. ఉప్పు తెలీదు, తీపి తెలీదు. తిరిగొస్తుందన్నాడు డాక్టరు. రాలేదు. వండేదానికే రుచి తెలియదంటే మన డబ్బాలు ఎవరు కొంటారే? భయమేసి ఎవరికీ చెప్పలేదు.

బుడగలు పెద్దవై నెమ్మదిగా పేలుతుంటే దించే వేళయిందని తెలుసు. పూత తెలుసు, గీత తెలుసు. మిగతాదంతా నిన్నే అడిగాను. నువ్వు చాలంటే ఆపాను. ప్రెస్ వాళ్ళు మెచ్చుకున్నది నా చేతివంటని కాదు, నీ నాలుకని. ఎలా ఉండాలో రాయమంటే నేనేం రాయను? మన సాస్ ఎలా ఉంటుందో నీకే తెలుసు. అది మొదలుపెట్టిందే నా జ్వరం తర్వాత కదా, నేనెప్పుడూ రుచి చూడలేదు.

నీ ఉత్తరం చదివాక, ఇంటి వంట ఎందుకు తినట్లేదని మీ అన్నయ్యని నిలదీశాను. "కూరలో ఉప్పు రెండేసిసార్లు వేస్తున్నావు, చెబితే బాధపడతావని" అన్నారు తల దించుకుని. ఇంక దాచలేక ఆయనకీ చెప్పేశాను.

నాకేం అంటావా? చాలా ఉంది. అందుకే అబద్ధమాడాను.

నీ వదిన


ప్రియమైన వదినకి,

నాకు ఇంకా కోపంగానే ఉంది. ఇన్నాళ్ళూ ఒకే పొయ్యి దగ్గర భుజాలు రాసుకుంటూ తిరిగాం. నాకు చెప్పలేకపోయావా? నేనేమైనా పరాయిదాన్నా? నీ ఉత్తరం చదివి రెండు గిన్నెలు విసిరేశాను. ఒకటి సొట్టపోయింది, అది నీ పెళ్ళిలో ఇచ్చినదే, నీకు తగిన శాస్తి.

తర్వాత ముఖం కడుక్కుని సాస్ పెట్టాను. నీ చెంచాతోనే కొంచెం కొంచెంగా చూస్తూ పంచదార వేశాను. కుదిరింది అనిపించగానే అలవాటుకొద్దీ పక్కకి తిరిగి "చాలు వదినా" అన్నాను. పక్కన ఫ్రిజ్ తప్ప ఎవరూ లేరు. ఏడుపొచ్చింది, ఆ ఏడుపులో కూడా పొయ్యి ఆర్పడం మర్చిపోలేదు.

డబ్బాలన్నీ ఊడ్చుకుని తిన్నట్టు వచ్చాయి. మేనేజరు "మీ వదినగారు తిరిగొచ్చారా?" అని అడిగాడు. వచ్చే నెలకి కూడా మనకే చెప్పాడు.

మన సాస్ ఎలా ఉంటుందో రాస్తున్నాను, చదువుకో. నాలుక మీద పడగానే ముందు తీపి. పంచదార తీపి కాదు, కాస్త మాడీ మాడనట్టు ఉండే తీపి. దాని వెనకే ఉప్పు వచ్చి, తీపిని ఎక్కువసేపు ఉండనివ్వదు. వెల్లుల్లి ఉందా లేదా అనిపిస్తుంది. వెనిగర్ దవడల దగ్గర చిన్నగా గిల్లుతుంది. మింగేశాక గొంతులో అల్లం వెచ్చగా మిగులుతుంది. ఇంకో ముద్ద కావాలనిపిస్తుంది. ఇంత బాగా వండావు వదినా ఇన్నాళ్ళూ.

ఆదివారం బస్సెక్కుతున్నాను. ఆ ఇరుకు వంటింట్లో నువ్వు వండు, చెంచా నా నోట్లో కుక్కు. అన్నయ్యని ఆ పూట ఇంట్లోనే తినమని చెప్పు.

నీ నాలుక