వెనక వరండాలో కొత్త ఫ్రీజర్

డిసెంబర్ 9, మంగళవారం

ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది, ఏడాది చివరి పెద్ద ఆట ఒక్కటి తప్ప. ఇక ఊరందరికీ ఒకటే ప్రశ్న. పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద, మిల్లు ముందు ఆగిన చెరకు లారీల దగ్గర. మీ తమ్ముడు వెళ్తున్నాడా, ఉంటున్నాడా? నేనెలా ఉన్నానని అడిగినవాళ్ళు లేరు. నేను కెల్వన్ గిలరీ అక్కని, అంతే. యూనివర్సిటీలో చదివి, అదే యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కుర్రాళ్ళ కాళ్ళకి టేపులు చుడుతున్నదాన్ని. నేను వెళ్ళినా ఉన్నా టీవీలో చెప్పరు.

కెల్వన్ యూనివర్సిటీ జట్టులో బంతి చంకన పెట్టుకుని పరిగెత్తడం ఇది మూడో ఏడు. ఇంకో ఏడు ఉంటే డిగ్రీ. ఇప్పుడే డ్రాఫ్ట్‌కి పేరిస్తే వసంతంలో జీతాలిచ్చే పెద్ద జట్లు ఏరుకునే కుర్రాళ్ళలో వాడూ ఉంటాడు. గడువు జనవరి పదిహేను. పేరిచ్చి వెళ్ళిపోతే కాలేజీ ఆటా, ఆ ఆట మీద వచ్చే ఉచిత చదువూ మళ్ళీ లేవు.

క్లిఫ్టన్ మామయ్య భోజనాల దగ్గర తన పాడైన మోకాలు ఎత్తి బల్ల మీద పెట్టాడు. నేను నాలుగో ఏడు కూడా ఉండి ఆడాను, ఇదిగో నా డిగ్రీ, అన్నాడు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి కాళ్ళలో దేవుడు ఇన్నే పరుగులని పోస్తాడట. వాటిని కాలేజీకి ఊరికే ధారపోస్తే పెద్ద జట్టుకి వెళ్ళేసరికి డొక్కు మిగులుతుందట. ముందు ఆ కాలు దించరా, అన్నం తినే బల్ల అది, అంది అమ్మ. అమ్మ స్కూలు వంటగదిలో పనిచేస్తుంది. ఊళ్ళో అందరి పిల్లలూ ఆవిడ చేతి అన్నం తిని పెద్దవాళ్ళయ్యారు. నా పిల్లలిద్దరూ పట్టాలిచ్చే రోజున ఆ నల్లగౌను తొడుక్కుని నడవాలి, ఒకత్తి నడిచింది, ఇంకొకడున్నాడు, అంది.

ఇంకొకడు రొయ్యల తలలు తీస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చాక నాతో మాత్రం, వెళ్దామనే ఉందక్కా, అన్నాడు.

డిసెంబర్ 14, ఆదివారం

చర్చి అయ్యాక ఒకాయన ఇంటికొచ్చాడు. పేరు ప్రూయిట్. ఆటగాళ్ళకి బేరాలు కుదిర్చే ఏజెంటు కాదట, ఏజెంటుకి తెలిసినవాడట. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. కెల్వన్ ఇంట్లో లేడని తెలిసే వచ్చినట్టున్నాడు. అమ్మ రొయ్యల గంబో పులుసు పెట్టింది. మళ్ళీ అడిగి వేయించుకున్నాడు, గిన్నె అడుగు గీకాడు. మా అమ్మని గెలవడానికి ఇంతకన్నా అడ్డదారి లేదు. డ్రాఫ్ట్ ఊసే ఎత్తలేదు. వాళ్ళమ్మ గంబోలో బెండకాయ ఎక్కువ వేసేదని, ఆవిడ పోయాక ఆ రుచి మళ్ళీ ఇక్కడే తగిలిందని చెప్పాడు. అమ్మ కళ్ళొత్తుకుంది. వెళ్తూ వెళ్తూ, ఎర్లీనమ్మా, ఏ అవసరమొచ్చినా నన్ను కొడుకనుకోండి, అని చెయ్యి పట్టుకున్నాడు.

ఇలాంటివాళ్ళు మా ట్రైనింగ్ గది బయట కార్లలో కూర్చుని కనిపిస్తారు. లోపలికి రారు. లోపలున్న కుర్రాళ్ళ అమ్మల పేర్లు మాత్రం వాళ్ళకి తెలుసు.

డిసెంబర్ 19, శుక్రవారం

అమ్మ పాత ఫ్రీజర్ చచ్చిపోయింది. పండక్కి దాచిన రొయ్యలు, మామయ్య కొట్టిన జింక మాంసం, అంతా నీళ్ళు. ఫోన్‌లో ఏడుపొక్కటే తక్కువ.

డిసెంబర్ 23, మంగళవారం

వెనక వరండాలో కొత్త ఫ్రీజర్. తెల్లగా, శవపేటికంత పొడుగు.

ఎవరు కొన్నారమ్మా అన్నాను. ప్రూయిట్ బాబు పంపాడు, అంది. వాళ్ళ చుట్టాలకి కొట్టుందట. పండక్కి ఏం వండుతున్నారని ఫోన్ చేస్తే అమ్మ తన గోడు చెప్పుకుందట. మర్నాడే లారీ.

ప్రతి ఆగస్టులో మమ్మల్ని ఓ గదిలో కూర్చోబెట్టి చదివి వినిపిస్తారు. ఏజెంట్ల మనుషుల దగ్గర ఆటగాడు గానీ వాడి ఇంట్లోవాళ్ళు గానీ ఏమీ పుచ్చుకోకూడదు. సాండ్‌విచ్ కూడా. పుచ్చుకుంటే కాలేజీ ఆటకి వాడు పనికిరాడు. అదే చెప్పాను అమ్మకి.

"నేనేమన్నా బంతి ఆడుతున్నానా?" అంది.

ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టిందట, ఊరికే తినిపోవడం ఇష్టంలేక అతను పంపాడట. మన వీధిలో ఎవరన్నా ఖాళీ గిన్నె తిప్పి పంపుతారా, అని నన్నే అడిగింది. పంపరు, నిజమే. మిస్ లూసిల్ గిన్నెలో మేం కూర పంపితే అది కేకుతో తిరిగొస్తుంది. అలా పెరిగాం. మూత ఎత్తి చూపించింది. అప్పుడే సగం నింపేసింది, డబ్బాల మీద పేర్లు రాసి.

వెనక్కి పంపెయ్యమని ఇంకోసారి అన్నాను. వినలేదు. పోనీ, వాడెలాగూ వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేవాడికి ఈ రూలుతో పనిలేదు. ఈ డైరీలో తప్ప ఎక్కడా చెప్పను.

డిసెంబర్ 31, బుధవారం

నిన్న చివరి పెద్ద ఆట. రెండో సగంలో కెల్వన్ చీలమండ మడత పడింది. ఇవాళ నా ఎదురుగానే ఐసు బకెట్లో కాలు పెట్టుకుని ఫోన్ చూసుకున్నాడు. పెద్ద జట్ల పెద్దలు కొందరు కలిసి, అడిగిన కుర్రాడికి ముందుగా ఓ మాట చెప్తారు. డ్రాఫ్ట్‌లో మొదటి వరసలో పోతావనో, రెండో వరసలో పోతావనో, లేకపోతే బుద్ధిగా చదువుకోమనో. వాడికి మూడోది వచ్చింది.

ఓదార్చబోయాను. వాడు తలెత్తాడు. ముఖం తేటగా ఉంది.

"ఉండిపోతానక్కా," అన్నాడు.

కాలు బాగవుతుంది, చదువూ అవుతుంది, అమ్మ గౌను గొడవా తీరుతుంది అన్నాడు. తర్వాత సిగ్గుపడుతూ ఇంకో సంగతి. మట్టి గురించిన క్లాసు ఒకటి తీసుకున్నాడట. చెరకు కింద నేల ఎందుకు కుంగుతుందో అందులో చెప్తారట. వచ్చే టర్ములో దాని తరవాతి క్లాసు ఉందట. జట్టులో చెప్తే వెక్కిరిస్తారని ఎవరికీ చెప్పలేదట. మట్టి గురించి వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఆ తెల్లటి మూతే కనిపిస్తోంది.

జనవరి 4, ఆదివారం

పాస్టరుగారు వేదిక మీంచే చెప్పేశారు, మన కెల్వన్ చదువు పూర్తిచేస్తున్నాడని. చప్పట్లు. అమ్మ ఊదారంగు టోపీ పెట్టుకుంది. అందర్నీ ఇంటికి పిలిచి భోజనం పెట్టింది, ఆ ఫ్రీజర్లోంచే తీసి. నేను తిన్నాను. బాగుంది. అదే చిరాకు.

జనవరి 8, గురువారం

మా రూల్స్ ఆఫీసులో రెనేటా గారని ఉన్నారు. ఇవాళ ధైర్యం చేసి వెళ్ళాను. నా స్నేహితురాలి తమ్ముడొకడు, అని మొదలుపెట్టాను. ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది.

"ఆ స్నేహితురాలి పేరు నాకు చెప్పకు. చెప్పావా, నేను పైకి చెప్పి తీరాలి," అంది.

తర్వాత కిటికీ వైపు చూస్తూ చెప్పింది. తల్లి పుచ్చుకున్నా కొడుకు పుచ్చుకున్నట్టే. తల్లికి తెలియకపోవడం లెక్కలోకి రాదు. ముందే ఒప్పుకుంటే వస్తువు తిరిగిచ్చేయమని విచారణ పెడతారు, నెలలు పడుతుంది, చివరికి ఆడనిస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. ఈలోగా డ్రాఫ్ట్ గడువు దాటిపోతుంది. రెంటికీ చెడ్డ రేవడి. దాచిపెట్టి ఆడితే, బయటపడ్డ రోజున వాడు ఆడిన గెలుపులన్నీ కొట్టేస్తారు, జట్టు మొత్తానికి.

ఇచ్చినతనికి ఇదంతా తెలియదా అన్నాను. నా వైపు జాలిగా చూసింది. తెలియకపోతే ఎందుకిస్తాడమ్మా, అంది. వాడు కాలేజీకి పనికిరాకుండా పోతేనే కదా ఏజెంటుకి పనికొచ్చేది.

లేచి వస్తుంటే వెనక నుంచి, మీ అమ్మని అడిగానని చెప్పు, అని నాలుక్కరుచుకుంది. ఆ స్నేహితురాలి అమ్మని.

జనవరి 9, శుక్రవారం

ప్రూయిట్ అమ్మకి ఫోన్ చేశాడట. ఫ్రీజర్ బాగా పనిచేస్తోందా ఎర్లీనమ్మా, కెల్వన్ ఉండిపోతున్నాడని విన్నాను, ఇంకోసారి ఆలోచించుకోమనండి, అన్నాడట. ఎంత మర్యాదస్తుడో, అంటుంది అమ్మ.

జనవరి 10, శనివారం

కెల్వన్‌ని మామయ్య ట్రక్కులో ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళాను. చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా.

ముందు నవ్వాడు. "ఫ్రీజరా? పక్క స్టేటు ఆటగాడికి కారిచ్చారే అక్కా! నేను మరీ అంత చవకా?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. తర్వాత వాడి నవ్వు ఆగిపోయింది. కింద ఏట్లో సరుకు బార్జీలు ఎగువకి పోతున్నాయి. అవి మలుపు తిరిగేదాకా చూశాడు.

దాచి ఆడెయ్యనా, అన్నాడు. నీ ఇష్టం అన్నాను. అబద్ధం. వద్దని అరవాలని ఉంది, సరేనని అరవాలనీ ఉంది. వాడే జట్టులో కుర్రాళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోయాడు. ముందు నిలబడి వాడికి దారిచేసే డుక్వాన్, కొత్తగా చేరిన పిల్లలు. వీళ్ళందరి గెలుపుల తాళంచెవి ప్రూయిట్ చేతిలో పెట్టి ఆడాలా అక్కా, అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. వెళ్ళిపోతా, అన్నాడు.

ఆ మట్టి క్లాసు గురించి నేను అడగలేదు.

అమ్మకి చెప్పొద్దన్నాడు. మరేం చెప్తావురా అంటే, వెళ్ళాలనిపించిందని చెప్తాడట.

"అమ్మ నామీద కోపం పెట్టుకుని బతగ్గలదక్కా. తనమీద పెట్టుకుంటే బతకదు."

ఒళ్ళు మండింది నాకు. నిన్నగాక మొన్న ముక్కు తుడిచిన వెధవకి ఇంత పెద్దరికం ఎవరు నేర్పారు?

జనవరి 12, సోమవారం

చెప్పాడు. అమ్మ స్కూలు నుంచి వచ్చి ఇంకా జుట్టు మీద వల కూడా తియ్యలేదు.

డబ్బు పిలిచింది, పోతున్నావు, అంది. అవునమ్మా, అన్నాడు. చర్చికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళమంటావురా, అంది. తప్పేనమ్మా, అన్నాడు. మీ మామ ఎక్కించాడు నీకు, అంది. ఈ వారమంతా పాపం మామయ్య డ్రాఫ్ట్ ఊసే ఎత్తలేదు. అవునమ్మా, అన్నాడు వీడు, దానికీ. చెప్పరా అని కళ్ళతో బతిమాలాను. నా వైపు చూడనే లేదు.

వెనక వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. అది గుర్రుమంటోంది.

ప్రూయిట్ చెప్పిన ఏజెంటుకి మాత్రం సంతకం పెట్టలేదు. హ్యూస్టన్‌లో ఎవరో ముసలాయనకి పెట్టాడు. ఈ మొత్తంలో వాడు తనకోసం చేసుకున్నది ఆ ఒక్కటే.

జనవరి 15, గురువారం

టీవీ అడుగున వాడి పేరు పాకుతూ పోయింది. అమ్మ ఛానెల్ మార్చింది.

ఫిబ్రవరి 21, శనివారం

కెల్వన్‌ని పెద్ద జట్లవాళ్ళ ముందు పరిగెత్తించారు. ఆ చీలమండ ఇంకా పూర్తిగా మానలేదు, నాకు తెలుసు. ఎలా పరిగెత్తావురా అంటే, స్టేడియం లోపల వెచ్చగా ఉందక్కా, అని మాట మార్చాడు.

మార్చి 29, ఆదివారం

అమ్మ వాడితో మాట్లాడుతోంది. ఉప్పందుకో. తలుపెయ్యి. అలాంటివి.

నాకీ ఇంట్లో ఊపిరాడటం లేదు. ఈ ఊరు వెళ్ళేవాళ్ళకి చప్పట్లు కొడుతుంది, ఉండేవాళ్ళకి చప్పట్లు కొడుతుంది. ఎందుకని ఒక్కళ్ళూ అడగరు.

మే 2, శనివారం

డ్రాఫ్ట్ చివరి రోజు. నేను వండను, పండగేమీ లేదు ఇక్కడ, అన్న మా అమ్మే తెల్లారేసరికి పొయ్యిలన్నీ వెలిగించింది. ఇంటినిండా జనం. ఇలాంటి రోజున కుర్రాడి ఫోన్‌కి ఎవరూ చెయ్యకూడదు, అది జట్టు పిలుపు కోసం ఖాళీగా ఉండాలి. బల్ల మధ్యలో పెట్టి అందరం దాని చుట్టూ కూర్చున్నాం.

మధ్యాహ్నం మోగింది. ఇల్లంతా లేచి నిలబడింది. కెల్వన్ ఎత్తాడు, విన్నాడు, ఫోన్ అమ్మకిచ్చాడు. మిస్ లూసిల్. బంగాళాదుంపల సలాడ్ తేనా, వద్దా అని.

"ఒసే లూసిల్, ఇవాళ ఆ ఫోన్‌కి చేస్తారుటే ఎవరన్నా! తే, తగలెయ్యి!" అని అరిచింది అమ్మ. అందరం పడీపడీ నవ్వాం. కెల్వన్ కూడా.

అదే ఆఖరి నవ్వు. పేర్లు చదువుతూనే ఉన్నారు. ఒక్కొక్క పేరుకీ ఎవరింట్లోనో కేకలు, ఏడుపులు, కౌగిలింతలు. చివరి వరస కూడా అయిపోయింది. జనం ప్లేట్ల మీద రేకు కప్పుకుని, కెల్వన్ భుజం తట్టి, ఒక్కొక్కళ్ళే జారుకున్నారు. సాయంత్రం ఒక జట్టు ఫోన్ చేసింది. ఏరుకోలేదు గానీ వేసవి శిబిరానికొచ్చి ఆడి చూపించమంది.

నా మాట విని ఉంటే నీ చదువు నీకుండేది కదరా, అంది అమ్మ. కోపంగా కాదు, అలసటగా. అది ఇంకా ఘోరం. అవునమ్మా, అన్నాడు.

"అమ్మా," అన్నాను నేను.

బల్ల కింద వాడి కాలు నా కాలిని తొక్కింది, గట్టిగా. అమ్మ చూస్తోంది నా వైపు. సలాడ్ ఇంకా ఉందా, అని అడిగాను.

ఆగస్టు 31, సోమవారం

కెల్వన్‌ని శిబిరంలోంచి తీసేశారు. మధ్యాహ్నం బస్సు దిగాడు. సోమవారం కాబట్టి మా ఊళ్ళో అందరిళ్ళలాగే ఎర్రచిక్కుళ్ళూ అన్నం. అమ్మ ఏమీ అనకుండా వడ్డించింది. వాడు తలెత్తకుండా తిన్నాడు. ఆట లేదు కనక ఇప్పుడు చదవాలంటే డబ్బు కట్టి చేరాలి. తర్వాత చూద్దాంలే, అన్నాడు. చెరకు నాట్లు నడుస్తున్నాయి, రేపట్నుంచి మామయ్య ట్రక్కు తనే తోలతాడట.

సెప్టెంబర్ 5, శనివారం

కొత్త సీజన్ మొదటి ఆట. నీళ్ళసీసాలతో గీత బయట నిలబడ్డాను. కెల్వన్ జాగాలో ఎవరో కొత్త కుర్రాడు బంతి అందుకుని ఎడమపక్క సందులోంచి దూసుకుపోయాడు. జనం హోరు. జేబులో ఫోన్ అదిరింది, మెసేజ్. కెల్వన్. పొలంలో రేడియో పెట్టుకున్నాడట. ఇన్నేళ్ళ అలవాటున వ్యాఖ్యాత వాడి పేరే అరిచాడట. సరిదిద్దుకోలేదట.

"అక్కా, ఇప్పుడే ఇరవై గజాలు పరిగెత్తాను. చూశావా?"

చూశాన్రా, అని పంపాను.