ఉష్ణమండలంలో మా అమ్మ

అమ్మకు,
నేను కులాసా. దగ్గు తగ్గింది, ఓపికే ఇంకా తిరిగి రాలేదు. ఈ కొండమీది ఊళ్లో, నిఘంటువు ఆఫీసులో ఎండాకాలమైనా చలికి వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. నిన్న నా వంతుకు ‘ఉష్ణమండలం’ అనే మాట వచ్చింది. ‘భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉండే వేడి ప్రాంతం’ అని అర్థం రాశాను. వాడుకకు ఒక వాక్యం కావాలంటే, ‘ఉష్ణమండలంలో మా అమ్మ మధ్యాహ్నం గచ్చు తడిపి దాని మీద పడుకుంటుంది’ అని రాసిచ్చాను. మా పెద్దాయన, మేం మఫ్లరుగారంటాంలే, ఎర్రసిరాతో కొట్టేశారు.

“నిఘంటువులో మీ అమ్మగారెందుకమ్మా? అరటితోటలు పెట్టు.”

పెట్టాను. వాదించే శక్తి లేదు.

ఎండకు కళ్లు తిరిగి కుళాయి దగ్గర పడిపోయావని వదిన రాసింది. నువ్వేమో బాగానే ఉన్నానన్నావు. ఏది నిజం? మిట్టమధ్యాహ్నం నీళ్లకు నువ్వెళ్లకు, అన్నయ్యను పంపు, వాడేం కరిగిపోడు. నా పాత గొడుగు అటక మీదుంది, దింపించుకో.

సెలవడిగితే ‘ఉ’ పూర్తిచేసి వెళ్లమన్నారు. చివరికొచ్చేసింది, ‘ఊ’ మొదలయ్యేలోగా బయల్దేరతాను. అందాకా అరటితోటల క్షేమం నాకక్కర్లేదు, నీది నీ చేత్తో రాయి.

నీ చిన్నది