దారం పంపిన కొలత

1938 జనవరి 10, సోమవారం. బేతంచెర్ల.
అమ్మ ముక్కుపుడకలోని కెంపు కంసాలి ఆచారి ముందు పెట్టాను. అమ్మ పోయాక పెట్టెలోనే ఉంది. ప్రధానం ఉంగరానికి ఇదే రాయి. ఎట్లా కట్టించాలి?
"వెనక మూసి, చుట్టూ అంచు కడితే రాయి యాడికీ పోదప్పా. చిన్న బంగారు గోళ్లతో పైకెత్తి నిలబెడితే వెలుగు పారుతాది."
నాకు గోళ్లే నచ్చాయి. రోజంతా గనిలో నాపరాళ్లు కొలిచేవాడికి ఒక్క రాయైనా వెలగాలి కదా. అయినా పెట్టుకునేది సుగుణ, తనను అడగాలి.

జనవరి 17.
కడప నుంచి సుగుణ జవాబు. "బడిలో కుట్టు నేర్పే చేయి. గోళ్లు దారానికి తగులుకుంటాయి. మూసే కట్టించండి." సరే, టీచరమ్మ మాట! వేలి కొలతకు తెల్లదారం చుట్టి, ముడివేసి పంపింది.

జనవరి 18.
దారం మరీ చిన్నది. నా చిటికెన వేలికి కణుపు దాటలేదు. మొన్న ఆగస్టులో, చర్చి వరండాలో, నా చిటికెన వేలి వెండి ఉంగరం తన ఉంగరపు వేలికి సరిగ్గా పట్టింది... ఎంత నవ్వుకున్నాం. ముడి బిగించేసి ఉంటుంది, పిచ్చిది. బండలు కొలిచేవాణ్ని, నాకు తెలియదా? నా చిటికెన వేలే చూపించి చేయమన్నాను. ఆచారి దారం వైపు ఒకసారి చూశాడు.

జనవరి 29.
ఉంగరం వచ్చింది. రాయి ఎర్రగా, బుద్ధిగా కూర్చుంది.

ఫిబ్రవరి 6, ఆదివారం. కడప.
ప్రధానం. చర్చి అయ్యగారి ప్రార్థన అయ్యాక వేలికి తొడిగాను. గిర్రున తిరిగి రాయి అరచేతిలోకి పోయింది.
"చలికాలం గదా, వేళ్లు సన్నబడతాయి" – వాళ్ల మేనత్త.
భోజనాల దగ్గర సుగుణ మెల్లగా – "కొలత సరిగ్గానే పంపినా. మీరే నమ్మలేదు."
తర్వాత దగ్గు. శానాసేపు.

ఫిబ్రవరి 7.
వాళ్ల నాయన గాబ్రియేలు మామ స్టేషన్ దాకా వచ్చాడు. క్షయ అని చెప్పిందంట డాక్టరమ్మ. మదనపల్లె ఆస్పత్రికి పంపాలంట. "తెలిసీ చెప్పలేదు నాయనా. తప్పు మాదే. ఉంగరం ఎనక్కి తీసుకో."
జవాబు చెప్పకుండా బండెక్కేశాను. ఇంత పిరికివాణ్నని ఇన్నాళ్లూ తెలియదు.

ఫిబ్రవరి 9.
మామకు రాశాను: ఉంగరం ఆ వేలిదే.
చిన్నది చేయొచ్చా అని ఆచారిని అడిగాను. "మూసి కట్టినాం గదప్పా. రాయి కింద లక్క ఉండాది, నిప్పు చూపిస్తే కరుగుతాది. పాత రాయి... పగిలితే?"
వద్దులే అన్నాను. ఆగస్టు వేలికి చేయించాను. అట్లే ఉండనీ. వేలే నిండుతుంది.

మార్చి 13. మదనపల్లె.
ఆస్పత్రి వరండాలో సుగుణ మంచం. ఉంగరం జారకుండా వెనకవైపు దారం చుట్టుకుంది. నాకు పంపిన కొలత దారమే – అడిగి తీసుకుంది.
"చూడండి, ఇప్పుడు పట్టింది." నవ్వింది. నేనూ నవ్వాను. గేటు దాటాక ఏడ్చాను. ఆ రోజు ఆ దారాన్ని నమ్మి ఉంటే ఇరవై రోజుల ముందే కడపకు పోయి ఉండేవాణ్ని.

ఏప్రిల్ 2.
సుగుణ ఉత్తరం. ఒకటే వరుస. "ఈసారి వచ్చేటప్పుడు దారం తెండి. తెల్లది."

ఏప్రిల్ 4.
శెట్టి కొట్టుకు పోయాను. తెల్లదారం అన్నాను.
"ఎంత కావల్లప్పా?"
ఏమని చెప్పాలి... ఆ వేలు ఇంకెంత సన్నబడిందో అనుకుంటూ ఉండ మొత్తం ఇమ్మన్నాను.