షమిసెన్ మెడ మీది కాగితం

ఏమండీ, ఎలా ఉన్నారు? మీరు ఈ లోకం విడిచి వెళ్ళిపోయి మొన్న శుక్రవారానికి పది నెలలు. తమిళ బడిలో చదివిన మీకు తెలుగు చదవడం కష్టమని పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను... నిదానంగా చదవండి.

నేను షమిసెన్ నేర్చుకుంటున్నాను. నవ్వకండి. తిరువొత్తియూరులోని మీ ఫ్యాక్టరీలో పని ముగించుకుని తన దేశం జపాన్ వెళ్ళిపోతూ ఆ ఇంజనీరు మీ చేతిలో పెట్టిన మూడు తీగల వాద్యాన్ని చాలా నెలలు నేను ముట్టుకోలేదు. దాని గుడ్డకు మీరు వేసిన ముడి విప్పబుద్ధి కాలేదు.

శ్రుతులు త్వరగానే వచ్చాయి. మొదటిది స-మ-స. అందులో రెండో తీగను పెంచితే స-ప-స. పెంచకుండా మూడోదాన్ని దించితే స-మ-ని. వాటి జపాన్ పేర్లు మీరు ఎన్నిసార్లు చెప్పినా నేను వినిపించుకోలేదు. "రెండోది పైకి, మూడోది కిందికి. పేర్లకి అర్థం కూడా అంతే సుగుణా, ఏముంది దీంట్లో!" అనేవారు.

మీకు చిక్కొచ్చింది స్వరస్థానాల దగ్గరే కదా. వీణకున్నట్టు దీనికి మెట్లు లేవు. వేలు ఎక్కడ పెట్టాలో తెలియడానికి మెడ పొడవునా గీతలున్న కాగితం అంటించుకున్నారు. అంకెల పక్కన ఎర్ర సిరాతో స, రి, గ, మ... తెలుగులో! నాకోసమేనా? ఎప్పుడైనా మేడమీదికొచ్చి చూస్తాననుకున్నారా?

నేను రాలేదు. ముప్పై ఏళ్ళుగా మైలాపూరులో వయొలిన్ నేర్పుతున్న నా చెవికి మీ ప్రతి స్వరమూ కాస్త తగ్గే వినిపించేది. పై స్థాయికి వెళ్ళేకొద్దీ మరీను. మీకు స్వరజ్ఞానం లేదని నా శిష్యుల ముందే అనేశాను. మీకు కోపం రాలేదు. "సరి మా, నేను ఆడ మేడమీద వాయించుకుంటాలే. ఈడ పిల్లకాయల చెవులు పాడైపోతాయి" అంటూ వాద్యం తీసుకుని వెళ్ళిపోయారు. అలా రెండేళ్ళు...

పోయిన నెల ఒక ఉదయం, కాగితం చూడకుండా, చెవిని నమ్ముకుని పై షడ్జం పట్టాను. తర్వాత చూస్తే కాగితం మీది గీత నా వేలి కింద లేదు. ఒక వేలి వెడల్పు దూరంలో, వాద్యం తల వైపు ఉంది. టేపు తెచ్చి కొలిచాను. తీగకు సరిగ్గా సగంలో పలకాలి పై షడ్జం. మీ గీత సగానికి ముందే ఆగిపోయింది. మిగతా గీతలూ అంతే, అన్నీ తల వైపుకు కుంచించుకుపోయి ఉన్నాయి. వేలు అటు జరిగితే స్వరం తగ్గుతుంది కదా...

అప్పుడు గుర్తొచ్చింది. మీరు అడిగితే ఆ కాగితం ప్రింటు తీయించి తెచ్చింది నేనే కదండీ. పేజీలో పట్టడం లేదు, కొంచెం చిన్నది చేయనా అని జెరాక్స్ షాపతను అడిగాడు. చేతిలో కూరగాయల సంచి బరువు. సరేనన్నాను.

మీ వేళ్ళది తప్పు కాదు. నేను తెచ్చిన తప్పు గీతల మీద అవి ఎంత నిక్కచ్చిగా నిలబడ్డాయో! ఒక్కరోజు మీ దగ్గరికొచ్చి చూసి ఉంటే నిమిషంలో తెలిసిపోయేది... ఎందుకు రాలేదు నేను? మీరైనా గట్టిగా ఎందుకు అడగలేదు?

ఏ శిష్యుల ముందు ఆ మాట అన్నానో వాళ్ళందరినీ కూర్చోబెట్టి, తప్పు నాదని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒక అమ్మాయి మాత్రం, ఆయనకు ఈ సంగతి తెలుసా టీచర్ అని అడిగింది. అందుకే ఈ ఉత్తరం.

కాగితం ఊడదీయలేదు. రోజూ పొద్దున మీరు వాయించే ఆ చిన్న జపాన్ పాటను ముందు నా చెవి చెప్పినట్టు వాయిస్తాను. తర్వాత ఇంకోసారి, ఎర్ర సిరా అక్షరాలు చూసుకుంటూ, ఆ గీతల మీదే వేళ్ళు వేస్తాను. అచ్చం మీరు వాయించినట్టే, కాస్త తగ్గి పలుకుతుంది. నా చెవి ఒప్పుకోదు. అయినా మధ్యలో ఆపను.

చేతులు ఆడినన్నాళ్ళూ, రోజుకు ఒక్కసారైనా అలాగే వాయిస్తానండీ.

మీ
సుగుణ