నీళ్లు దిగని గడియారం

ప్రియమైన గడియారాల డాక్టరు గారికి,

పొట్లంలో రోగిని పంపుతున్నాను. మొన్న నేను సముద్రం అడుగున మునిగిన ఓడ రేకు కోస్తుండగా దీనిలోకి నీళ్లు దిగి ముళ్లు ఆగిపోయాయి. ఇంకా టైముందిలే అనుకుని కోస్తూనే ఉన్నాను. పైకొచ్చాక ఎడమ చెవిలోంచి కాస్త రక్తం వచ్చింది. గోరంతే, నువ్వు దాన్ని కొండంత చేయకు.

మా మేస్త్రీ సంగతి తెలుసుగా. ఎవడి గడియారం వాడికే ఉండాలి, దాన్ని తన చేత్తో నీళ్లలో పెట్టి చూస్తే తప్ప మనిషిని దిగనివ్వడు. ఎరువు తెచ్చుకున్నది పనికిరాదు. అందుకని ఇది తిరిగొచ్చేదాకా నేను పడవ మీదే కూర్చుని తాడు పట్టుకోవాలి. నా వంతు కూడా నా జతగాడు బక్కోడే దిగుతున్నాడు. మన కింది వాటాలో ఉన్న వాళ్లావిడకు మీ ఆయన కులాసా అని చెప్పు.

గడియారం పైపెట్టె నిండా గీతలున్నాయి. మీ నాన్న కొట్లో నేర్చిన విద్య ఇప్పుడు చూపించు. త్వరగా కానీ.

నీ
నీటికాకి

*

ప్రియమైన నీటికాకి గారికి,

చెవి మీదే, కొలత కూడా మీదే. గోరంత అన్నారు గనక గోరంతే అనుకుంటాను. రాత్రంతా మాత్రం కొండలాగే కనిపించింది.

వెనక మూత తిప్పి తీశాను. లోపలి రబ్బరు చుట్టు ఎండిపోయి, గోటితో ఎత్తగానే పటుక్కున విరిగింది. నీళ్లు దిగింది అక్కడే. యంత్రం విప్పి, కడిగి, ఆరబెట్టాను. బతుకుతుంది. పెట్టె సంగతి చూస్తున్నాను. కిటికీ అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, తడిపి, దాని మీద పెట్టెను ఒకే వైపుకు లాగుతున్నాను. ముందుకూ వెనక్కూ రుద్దితే మా నాన్న వేళ్ల మీద కొట్టేవాడు. మెరవాల్సిన అంచులకు టేపు అంటించాను. రబ్బరు కూర్చునే గాడిని ముట్టుకోలేదు. అక్కడ వెంట్రుకవాసి అరిగినా ఎన్ని రబ్బర్లు మార్చినా దండగే.

ఒక మాట రాస్తాను, నవ్వకండి. మీరు పడవ మీద ఉన్నారని తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పడుతోంది. పెళ్లయ్యాక ఇంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదు.

మీ
ఇంటి డాక్టరు

*

ప్రియమైన డాక్టరు గారికి,

నవ్వలేదు. కానీ త్వరగా పంపు. తాడు పట్టుకోవడం దిగడం కంటే కష్టమని నాకిప్పుడే తెలిసింది. అది ఒక్కసారి కదిలితే వాడు బాగున్నట్టు. కదలకపోతే, అది కదిలేదాకా అంకెలు లెక్కపెడుతూ కూర్చుంటాను. ఏళ్ల తరబడి నువ్వు అక్కడ కూర్చుని పడింది ఇదే కాబోలు.

బక్కోడు రెండు వంతులు దిగి దిగి కళ్లు లోతుకుపోయాయి. నోరు మాత్రం తగ్గలేదు. నిన్న పైకొచ్చి, "అన్నా, వదిన ఆ గడియారానికి పెళ్లేమైనా చేస్తోందా? ఇంత ముస్తాబెందుకు?" అన్నాడు. వాడి భార్యకు ఈ అలసట సంగతి చెప్పకు.

నీ
నీటికాకి

*

ప్రియమైన మీకు,

ఆలస్యమవుతోంది, కోప్పడకండి. కొత్త రబ్బరు వేశాను, సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. యంత్రం పెట్టకుండా ఖాళీ పెట్టెలో పొడి కాగితం ముక్క ఉంచి, మూత బిగించి, రాయి కట్టి బావి అడుగుదాకా దించాను. కింది వాటా చెల్లెలే తాడు పట్టుకుంది. పైకి తెచ్చి గదిలో విప్పి చూస్తే కాగితం తడిసిపోయింది.

రబ్బరు కొలత తేడా ఉందేమో. లేదా బిగించేటప్పుడు నలక పడి ఉండొచ్చు. ఆ రోజు గాలి కూడా ఎక్కువగా ఉంది. కీ ఇచ్చే బొడిపె దగ్గర ఉన్న చిన్న రబ్బరు మీద కూడా అనుమానంగా ఉంది. అది ఇక్కడి కొట్లలో దొరకదు, తెప్పించాలి. పైగా ఎడమ పక్క గీతలు వంకరగా వచ్చాయి, మళ్లీ మొదటి నుంచి రుద్దాలి. సగం పని చేసి పంపితే మా నాన్న పేరు పోతుంది కదా. గ్రీజు కూడా వేరే రకం చూడాలనుకుంటున్నాను.

"ఎప్పటికవుతుందక్కా? మా ఆయన ఉత్తరంలో అక్షరాలు వంకర్లు పోతున్నాయి, బాగా అలిసిపోతున్నారేమో" అని చెల్లెలు అడిగింది. నాలుగు రోజుల్లో అయిపోతుందన్నాను. మీరు చల్లగాలికి చెవి కప్పుకోండి.

మీ
ఇంటి డాక్టరు

*

ప్రియమైన డాక్టరు గారికి,

తొందరేం లేదు. నిదానంగా, బాగా చెయ్యి.

గడియారం ఏదని మేస్త్రీ అడిగితే ఇంకా బాగవలేదన్నాను. అలలు పెద్దవిగా ఉన్నాయి. బక్కోడికి దగ్గు పట్టుకుంది.

నీ
నీటికాకి

*

ప్రియమైన మీకు,

గడియారం పంపుతున్నాను. బావిలో వేసిన రోజు కాగితం తడవలేదు. ఎలా పెట్టానో అలాగే కరకరలాడుతూ వచ్చింది. అబద్ధం రాశాను. ఎడమ పక్క గీతలు కూడా తిన్నగానే వచ్చాయి. చెల్లెలు పైకొచ్చి చూస్తే పని అయిపోయిందని తెలుస్తుందని, నేనే గరుకు కాగితంతో అడ్డంగా గీకి, మళ్లీ రుద్దుతూ కూర్చున్నాను. అది నా చేతిలో ఉన్నన్నాళ్లు మీరు నీళ్ల పైన ఉంటారు. నేను ఆలోచించింది అంతే. మీ బదులు దిగుతున్నది ఎవరో తెలిసీ ఆలోచించలేదు.

నిన్న చెల్లెలు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. దగ్గుతో కూడా దింపుతున్నారట. "బావగారి గడియారం వస్తే ఈయనకు కాస్త తెరిపి దొరుకుతుందక్కా" అంది. ఆ మాట విని పైకొచ్చాను. సాయంత్రానికే యంత్రం పెట్టి మూత బిగించాను. వేడిగుడ్డ మీద ఉంచి, అద్దం మీద చల్లటి నీటిబొట్టు వేసి చూశాను. లోపల మసక రాలేదు. నీళ్లు దిగవు, పూచీ నాది.

నన్ను తిట్టండి, ఫరవాలేదు. వాడిని మాత్రం పడవ మీద కూర్చోబెట్టండి.

మీ
భార్య

*

ప్రియమైన నీకు,

పొట్లం ఈ సాయంత్రం అందింది. బక్కోడు ఉదయం దిగాడు, పైకి రాలేదు. కోస్తున్న రేకు జారి వాడి మీద పడింది. తాడు నా చేతిలోనే ఉంది. లాగాను. మళ్లీ మళ్లీ లాగాను. అవతల నుంచి కదల్లేదు.

నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. నువ్వు అబద్ధం రాశావని, కాగితం తడిసిందన్న ఉత్తరం చదివిన రోజే తెలిసింది. నీ పనిలో నిజంగా తప్పొస్తే ఒక్క ముక్కలో తేల్చేస్తావు. అందులో నలక, గాలి, గ్రీజు అంటూ పేజీ నింపావు. తెలిసీ తొందరేం లేదని రాశాను. రేవులో గడియారాల కొట్టు ఉంది. కొత్తది కొనుక్కుంటే మేస్త్రీ మర్నాడే నన్ను దింపేవాడు. ఆ కొట్టు ముందు నుంచి రోజూ నడిచాను, ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. చెవి పోటు తగ్గనేలేదు. నాకు భయం వేసింది. నువ్వు ఆపుతున్నావు కదా, ఆ మాట నేను పైకి అనక్కర్లేదు అనుకున్నాను. వాడు దగ్గుతూ దిగుతుంటే వాడి నడుముకు తాడు కట్టింది నేనే.

వాడింకా కిందే ఉన్నాడు. తెల్లారాక నేను దిగి తీసుకొస్తాను. మేస్త్రీ గడియారం చూసి తలూపాడు.

ఆఫీసు కబురు రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. వాడి భార్యకు ఆ సంగతి కాగితం చూసి తెలియకూడదు. అందుకే ఈ ఉత్తరం ఊరెళుతున్న వంటవాడి చేతికిచ్చాను. చదవగానే కిందికి వెళ్లు. నువ్వే చెప్పు, చెప్పాక అక్కడే ఉండు. గడియారం సంగతి ఈరోజు ఎత్తకు. అది నేనొచ్చి ఆమె ముందు నిలబడి చెబుతాను. అప్పుడు ఆమె నిన్ను అక్కా అని పిలవడం మానేస్తే, ఎందుకని అడక్కు.

నీ
భర్త