మూడు ఎండలు

ఓడలో, బంకు నంబరు నలభై ఒకటి

అమీర్ అలీ భాయికి, నీ పర్వతాలు సలాములు.

ఈ ఉత్తరం రాయకుండానే గడిపేద్దామనుకున్నాను. కొచ్చి రేవులో కాగితాలు కొని, మళ్ళీ సంచీ అడుగున తోసేశాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే నా నోరు నన్ను కాపాడుతుంది. ఏదో ముచ్చట ఎత్తుకుంటాను, నువ్వు నవ్వుతావు, అసలు సంగతి గొంతులోనే ఉండిపోతుంది. మేడ్చల్ డిపోలో బస్సులు కడుగుతూ బోర్డులు చూసి అక్షరాలు నేర్చినవాణ్ణి. కాగితం మీద నాకు అన్ని తెలివితేటలు లేవు. అందుకే కాగితం.

మా మనవరాలు బిందు లక్షదీవుల్లో ఆసుపత్రి నర్సు అని నీకు తెలుసు. "తాతా, విమానమైతే గంటన్నర. ఓడంటే రాత్రంతా ఊగుడే. గాలిల పోవుడంటే భయమైతాందా?" అంది. "హకీంపేట విమానాలన్నీ నా నెత్తి మీదనే ఎగురుడు నేర్చుకున్నయి బిడ్డా, గాటికి నేను భయపడుడేంది?" అన్నాను. నువ్వు నన్ను బస్సెక్కిస్తూ, "చెరువు మొఖం చూడనోడివి సముద్రం మీద పోతవారా?" అన్నావు. నీ మాటకు జవాబు ఇదిగో. శామీర్‌పేటలో నీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ, నలభై ఏళ్ళుగా, బస్సులో చెరువు కనిపించని వైపే కూర్చుంటున్నాను. ఈ ఓడలో అలాంటి వైపు లేదు. అందుకే ఎక్కాను.

లోపల పెళ్ళికి మాట్లాడుకున్న లారీలాగే ఉంది. చాపలు, టిఫిను గిన్నెలు, ఏడ్చే పిల్లలు. ఒకతను వచ్చి లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో చూపించి పోయాడు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. కట్టుకున్నది నేనొక్కణ్ణే. ఇంకా విప్పలేదు. పక్క బంకు ముసలామె నవ్వి, వాసన చూడమని నిమ్మకాయ ఇచ్చింది. నిమ్మకాయలంటే గుర్తొచ్చింది, మా నాయిన ఒకసారి... లేదు, ఇక్కడా తప్పించుకుంటున్నాను.

నీ తమ్ముడు అదీబ్ సంగతి.

నీ పెళ్ళి వలీమా రోజు. విందుకు చేపలు కావాలి. వెదురు బుట్టకు గోనెపట్టా కట్టి, తారు పూసి పుట్టి చేయడం మా ఇంటి పని కదా. అంతకు ముందు రోజే నా పుట్టికి అతుకు వేసి తారు పూశాను. తారు మూడు ఎండలు తాగాలని మా నాయిన మాట. అది తాగింది ఒక్కటే. పొద్దున్నే అదీబ్ వచ్చి, "పర్వతాలన్నా, మూడెండలు అయినయా?" అని అడిగాడు. తెలిసినవాడు కనుకే అడిగాడు. పెళ్ళింట్లో చేపల్లేవంటే నా పేరు పోతుందని, "అయినయి, పో" అన్నాను.

చెరువులో వాడు మునిగిపోయాడు, పుట్టి బోర్లా తేలింది. అతుకు ఊడి ఉంది. అది ముందు చూసింది నేనే. అపశకునమని చెప్పి, ఇంకొకరి కంట పడకముందే కాల్చేశాను. గట్టు మీద ఎవరో "పుట్టిల నిలబడ్డడేమో" అన్నారు. నేను తల ఊపాను. అప్పటి నుంచి షహజాది అమ్మీ "నిలబడకురా అంటే ఇన్నడా?" అని పోయిన కొడుకునే తిడుతోంది. నేను ఆమె మంచం పక్కనే కూర్చుని మీ చాయ్ తాగుతున్నాను. పోయిన నెల డాక్టరు ఇక రోజులే అన్నాడు. ఆమె ఆ తిట్టు నోట పెట్టుకుని పోతే, అదీబ్‌ను నేను రెండోసారి ముంచినట్టే.

తెల్లారితే ఇంకో గండం ఉంది. దీవి దగ్గర లోతు చాలదట. సముద్రం మధ్యనే చిన్న పడవలోకి దిగాలి. దిగితే మిగతాది రాస్తాను.

మర్నాడు, దీవిలో.

ఓడ పక్కన తలుపు తీశారు. కింద పడవ గడపదాకా లేస్తోంది, నిలువెత్తు లోతుకు పడుతోంది. కాలు రాలేదు. వెనక తోపులాట. నా కోసం పడవలో వచ్చిన బిందు "తాతా, చెయ్యియ్యి" అంటోంది. పడవ లేచినప్పుడు వంగి, దాని అంచును బొటనవేలితో నొక్కి చూశాను, తారు అంటుతుందేమోనని. పడవవాడు వాళ్ళ భాషలో ఏదో అని నవ్వి, నా జబ్బలు పట్టుకుని బియ్యం బస్తాను దింపినట్టు దింపాడు.

ఇది అమ్మీకి చదివి వినిపించు. ఆమె మీ గడప తొక్కొద్దంటే తొక్కను. నీ జవాబు వచ్చేదాకా తిరుగు టికెట్టు తీయను.

ఇన్నేళ్ళూ మీ చాయ్ తాగిన
పర్వతాలు

*

శామీర్‌పేట

పర్వతాలూ,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. కోపంతో కాదు. బొటనవేలు అన్నచోట ఆగిపోయాను.

ఆ పొద్దున నువ్వు వల తేవడానికి ఇంట్లోకి పోయావు. అదీబ్ నన్ను పిలిచి, "భయ్యా, అన్న అయినయంటాండు. నువ్వొకపారి చూడు" అన్నాడు. నొక్కి చూశాను. వేలికి తారు అంటింది. ఒంటి మీద కొత్త కుర్తా, అందుకని గడ్డికి తుడుచుకున్నాను. "ఏం కాదు, జల్దీ పోయి రా, చుట్టాలొస్తున్నరు" అన్నాను. నీ ఒక్కడికే తెలుసని నువ్వనుకున్నావు. నా ఒక్కడికే తెలుసని నేననుకున్నాను. నువ్వు వస్తే మొహం చూడలేక, రాకపోతే ఉండలేక, నలభై ఏళ్ళు చాయ్ పోశాను.

నిన్న అమ్మీకి నీది చదివాను, నాది చెప్పాను. అంతా వింది. తర్వాత, "అంటే నిలబడలేదా వాడు?" అంది. "నిలబడలే అమ్మీ" అన్నాను. చేతికర్ర అడిగింది. ఇచ్చాను. నా వీపు మీద ఒకటి వేసింది. బలం లేదు, కర్ర జారిపోయింది. తీసి ఇచ్చాను.

"పర్వతాలుది ఒకటి బాకీ ఉన్నది. ఓడ గీడ వద్దు, విమానంల రమ్మను" అంది.

కర్ర మంచం కింద పెట్టబోయాను. వద్దని పక్కలో పెట్టుకుంది.

అమీర్ అలీ