నీ కుర్చీ వైపు తిరిగిన తుపాకీ

ఖాదర్ భాయ్,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఈ ఒమాన్‌లో, ఇబ్రాలో మన తుపాకుల షాపు కౌంటర్ ఇప్పుడు నాది. కంగారుపడకు, బాగానే నడుపుతున్నాను. నీ కుర్చీ మాత్రం గుమ్మం పక్కనే ఉంచాను.

పొద్దున సాలిం అనే ఒమానీ వచ్చాడు. కజకిస్తాన్‌లో ఎల్క్ వేటకు వెళ్తున్నాడట. గుర్రమంత దుప్పి కదా, అన్నిటికన్నా పెద్ద మాగ్నమ్ తూటా పేల్చే రైఫిలే కావాలన్నాడు. నేను వాదించలేదు. నువ్వు చేసినట్టే ముందు కప్పులో ఖావా కాఫీ పోసిచ్చి, తర్వాత ఖాళీ రైఫిల్ చేతికిచ్చి, గోడ మీది నల్ల చుక్కకు గురిపెట్టి నొక్కమన్నాను. ట్రిగ్గర్ కదలకముందే కళ్లు గట్టిగా మూసేశాడు. స్నేహితుడి మాగ్నమ్ పేల్చినప్పుడు భుజం కమిలిపోయిందని అప్పుడు బయటపెట్టాడు.

“కండ్లు మూస్తాండాడంటే ఆయప్ప తప్పు కాదబ్బా, తూటా పెద్దదైనట్టు” అనేవాడివి. అందుకే భుజాన్ని అంతగా తన్నని, చిన్న తూటా త్రీ నాట్ ఎయిట్ రైఫిల్ చేతిలో పెట్టాను.

“దగ్గరికెళ్లి ఊపిరితిత్తుల మీద కొట్టు. ఎల్క్‌కి ఇది చాలు” అన్నాను హిందీలో.

ఈసారి కళ్లు తెరిచే నొక్కాడు. నాకు నిజంగా గర్వమేసింది. ఆ సంబరంలో అతను తుపాకీని అలాగే గుమ్మం వైపుకి, నీ కుర్చీ మీదికి తిప్పాడు.

“అక్కడ మనిషున్నాడు!” అని అరిచాను.

సాలిం గబుక్కున గొట్టం కిందికి దించాడు. ఖాళీ కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. కుర్చీకేసి తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, “మాఫ్ కరనా, చాచా” అని నీకు క్షమాపణ చెప్పాడు.